కొమ్మ క్రింద దూరు బండి

ట్రాక్టరుపై పన్ను తగ్గినది, షోరూముల ముంగిట సందడి పెరిగినది. తండ్రినాటి కమతము చెక్కలై, వరిమడి తోటయై, కూలి దొరకని కాలము వచ్చిన శ్రీకాకుళ విజయనగర మండలములలో రైతు ఇప్పుడు కొనవలసిన బండి యేది?

సముద్రపుగాలి ఇసుకదిబ్బలను దాటివచ్చి కొబ్బరిమట్టలను గలగలలాడించుచున్న ఉదయవేళ, కవిటి ప్రాంతమున ఒక జీడితోట నడుమ డెబ్బదియేండ్ల రైతొకడు వెదురుకర్ర చేతబట్టుకొని చెట్టునుండి చెట్టునకు నడచుచు, ప్రతి చెట్టునొద్దను అన్నిటికంటె దిగువకు వ్రేలాడు కొమ్మను వెదకి, కర్రను నేలపై నిటారుగా నిలిపి, కొమ్మ తగిలినచోట కొడవలితో చిన్న గంటు పెట్టుచుండెను. పండ్రెండు చెట్లు చూచునప్పటికి కర్రమీద పండ్రెండు గంట్లు పడినవి. వానిలో మిక్కిలి క్రిందిది ఆయన కనుబొమల యెత్తున నున్నది.

తోట చివర, గోర్జి మలుపున, నలుబదియైదు హెచ్‌.పి. పాత ట్రాక్టరొకటి ఎండుటాకులు నెత్తిన వేసికొని నిలిచియున్నది. ఆ బండి ఈ యింట అడుగుపెట్టిననాడు పసుపు పూసి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతటికి మిఠాయి పంచిరట.

"మా ముగ్గురన్నదమ్ములం కలిసున్నప్పుడు పదారెకరాలు, బావూ. అప్పుడీ బండి సరిపోనేదు. ఇప్పుడు నా వొంతుకి అయిదెకరాలొచ్చింది. తోటలో దూరదు, మడిలో దిగితే లెగదు," అని ఆ పెద్దాయన కర్రను చంకనబెట్టుకొని చెప్పెను.

కొమ్మలు కొట్టివేసినచో బండి పోవును గదా యని నేనడిగితిని. దానికి సమాధానము ఆయన చెప్పలేదు, చెట్టుక్రింద ఆకులు ఊడ్చుచున్న కోడలు చెప్పినది. "ఆ కొమ్మలు కొట్టీస్తే పిక్కలెక్కడ కాస్తాయండి? జీడిపూత కొమ్మ కొసల్లోనే గదా వస్తాది. మా మావయ్య అందుకే కొలుస్తన్నారు."

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను ఈ తోటను నేలమట్టము చేసినది. ఇప్పుడున్న చెట్లు మరుసటి యేడు నాటినవి. తాతలనాటి చెట్లు ఎత్తుగా పెరిగి, క్రింద బండి తిరుగుటకు చోటిచ్చెడివి. ఈ లేతచెట్లు గొడుగు విప్పినట్లు నేలకు దగ్గరగా పరచుకొన్నవి. పొలము అదియే, యజమాని ఆయనయే. కాని పొలము అడుగుచున్న బండి మాత్రము మారిపోయినది.

ముప్పదియైదు వేల ఆశ

2025 సెప్టెంబరు 22వ తేదీ, శరన్నవరాత్రుల తొలినాడు, ట్రాక్టరుపై జి.ఎస్‌.టి. పండ్రెండు శాతమునుండి ఐదు శాతమునకు దిగివచ్చినది. ట్రాక్టరు టైర్లపైన, విడిభాగములపైన పదునెనిమిదిగా నున్న పన్ను సైతము ఐదుకు తగ్గినది. పన్నుగాక ఐదులక్షల వెలగల చిన్నబండికి పూర్వము అరువదివేలు పన్ను పడెడిది, ఇప్పుడు ఇరువదియైదు వేలే పడును. మిగిలిన ముప్పదియైదు వేలు చిన్నరైతునకు చిన్న సొమ్ము కాదు. ఆయుధపూజనాటికి బండి ఇంటిముందు నిలువవలెనన్న కోరిక మన పల్లెలలో సహజమే గనుక, పలాసలోను, రాజాములోను, బొబ్బిలిలోను ఈ ముచ్చట టీకొట్టుల యొద్ద ఇంకను సాగుచునే యున్నది.

అయితే నేను విన్న సంభాషణలలో నూటికి తొంబది "ఎంత తగ్గింది?" అనుటతో మొదలై "వాయిదా ఎంత?" అనుటతో ముగియుచున్నవి. మడి వెడల్పెంత, బురద లోతెంత, పదేండ్ల తరువాత ఆ నేలలో ఏ పంట యుండును అను ప్రశ్న అరుదుగా వినబడుచున్నది. తగని బండి కొన్నవాడు మిగుల్చుకొన్న ముప్పదియైదు వేలను రెండు ఖరీఫులలోనే డీజిలు రూపమున, అద్దెరూపమున, త్రొక్కుడుపడిన వేరుల రూపమున తిరిగి చెల్లించును. నేను వ్రాయదలచినది ఆ వినబడని ప్రశ్నను గురించియే.

తండ్రి కమతము, బిడ్డల చెక్కలు

రాష్ట్రపు ఈశాన్యకొసనున్న ఈ భూమికి విభజన కొత్తది కాదు. విజయనగరము, బొబ్బిలి, మందస, టెక్కలి, పర్లాకిమిడి సంస్థానముల నీడన శతాబ్దములు గడపిన ఈ పల్లెలు, 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము తరువాత రైత్వారీ పట్టాలు చేతబట్టుకొని స్వతంత్రముగా ఊపిరి పీల్చుకొన్నవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము, 1979 జూన్ 1న విజయనగరము వేరు జిల్లాలైనవి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము కూడ విడివడినది. జిల్లాలు విడిపోవుచున్న కాలముననే, వానికంటె వేగముగా కమతములును విడిపోయినవి. 1970-71 లెక్కలలో భారతదేశమున సగటు కమతము 2.28 హెక్టార్లు. 2015-16 నాటికది 1.08. ఆంధ్రప్రదేశమున 0.94 హెక్టారు, అనగా రమారమి రెండెకరముల ముప్పది సెంట్లు.

ఆడపిల్లకు సమానభాగమిచ్చుచు 1985లో ఆంధ్రప్రదేశము హిందూ వారసత్వ చట్టమును సవరించుకొనుట న్యాయమైన పని, దేశమునకంతకు ముందుచూపైన పని. విభజన వలన కలిగిన చిక్కును ఆ న్యాయముపైకి నెట్టరాదు. చిక్కంతయు మనము గీతగీయు తీరులో నున్నది. అన్నదమ్ములందరికి కాలువనీరు అందవలెనని మడిని నిలువున చీల్చుదుము. ఫలితముగా ఒక్కొక్కరికి వచ్చునది వస్త్రపు అంచువలె సన్నని పొడుగాటి చెక్క.

ఆ చెక్కలో మరల గట్లు వేసి పది సెంట్ల మడులు చేసికొనినవారి సంగతి చూడుడు. పది సెంట్ల చదరపు మడి అనగా ప్రక్కకు ఇరువది మీటర్లు. పెద్ద ట్రాక్టరు వెనుక రోటవేటరుతో మలుపు తిరుగుటకు ఒక్కొక్క కొసను నాలుగు మీటర్లు పోయినచో, ఇరువదిలో ఎనిమిది మీటర్లు మలుపులకే సరి. ఐదింట రెండుపాళ్ళ నేలను మరల అడ్డముగా దున్నవలెను, మూలలు పారతో త్రవ్వవలెను. బండికి పని తక్కువ, త్రిప్పుట ఎక్కువ. నాగావళి ఒడ్డున నారాయణపురము ఆనకట్ట క్రింది మడులలో డ్రైవరు ముందుకు చూచుకంటె మెడ వెనుకకు త్రిప్పి చూచుటయే ఎక్కువగా కనబడును.

ఎడ్లు పోయిన శాల

చింతాడ సంతలోను, అలమండలోను, మానాపురములోను ఎడ్లజత బేరమాడుట ఒకప్పుడు పెండ్లి సంబంధము కుదుర్చుకొన్నంత పని. పండ్లు లెక్కించి, నడక చూచి, సుడులు పరీక్షించి, తువ్వాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని ధర నిర్ణయించెడివారు. మా రైతులు ఎడ్లను కొనునప్పుడు చూపిన శ్రద్ధలో సగమైనను ట్రాక్టరు కొనునప్పుడు చూపిన బాగుండునని నాకు పలుమారులు తోచినది. గరపనేలకు ఏ జత, బంకనేలకు ఏ జతయని మన తాతలకు తెలియును. బండ నేలలో బరువైన ఎద్దు, బురదలో కాలు తేలికగా తీయు ఎద్దు అను విచక్షణయే ఇప్పుడు యంత్రమునకును కావలసియున్నది.

ఎడ్లు పోవుటకు కారణము యంత్రము ఒక్కటే కాదు. వానిని మేపు కంబారి పోయినాడు. ఊరిలో సగము యౌవనము విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై రైళ్ళెక్కినది. మత్స్యకార పల్లెలలోని బిడ్డలు గుజరాతు తీరమున వేరావలు వరకు పోయినారు. ఉభాల వేళకు, అనగా వరినాట్ల వేళకు, ఆడకూలీల జట్టు దొరకుటయే గగనమైనప్పుడు, ఏడాది పొడుగునను ఎడ్లకు కుడితి పెట్టువాడెక్కడ?

నాగలి సాలు జానెడు వెడల్పు. ఎకరము ఒక్కసారి దున్నుటకు రైతు ఎడ్ల వెనుక సుమారు ఇరువది కిలోమీటర్లు నడచెడివాడు. పవర్ టిల్లరు వచ్చి ఆ నడకను ఏడు కిలోమీటర్ల యందాజుకు తగ్గించినది. కాని ఆ ఏడును మోకాటిలోతు బురదలో, చేతులు అదరుచుండ, పిడిని రెండుచేతుల అదిమిపట్టి నడువవలసినవే. దమ్ముకాలము ముగిసిన రాత్రులు అరచేతులు తిమ్మిరెక్కి అన్నముద్ద పట్టజాలని వారిని నేనెరుగుదును. ఏబదియేండ్లు దాటిన రైతు చిన్న ట్రాక్టరు వంక చూచుట విలాసము కొరకు కాదు, కూర్చుండి దున్నవచ్చునను ఆశ కొరకే.

> చిన్నబండి పుట్టుపూర్వోత్తరములు
>
> ట్రాక్టరు వెనుక పనిముట్టును మూడు బిగింపులతో, నూనెపీడనముతో ఎత్తి దించు అమరికను రూపొందించిన హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండు రైతుబిడ్డ. ఆయన పేర 1946లో ఇంగ్లండులోని కవెంట్రీలో మొదలైన చిన్న బూడిదరంగు ట్రాక్టరు, పదేండ్లలో ఐదులక్షలకు పైగా తయారైనది. ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువమునకు చేరినది ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదనే.
>
> మనదేశమున తొలి ట్రాక్టరును 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాదులో ఐషర్ సంస్థ వెలువరించినది. దుర్గాపురములోని కేంద్ర యాంత్రిక పరిశోధనాలయము దేశీయ పరిజ్ఞానముతో రూపొందించిన స్వరాజ్, 1974లో పంజాబునుండి రైతుల చేతికి వచ్చినది. అదియు ముప్పది హెచ్‌.పి. లోపుదే.
>
> జపాను మిత్సుబిషి సహకారముతో 1967లో బెంగళూరున స్థాపితమైన వి.ఎస్‌.టి. సంస్థ పవర్ టిల్లరును దక్షిణదేశపు మడులకు అలవాటు చేసినది. 2023 ఆగస్టు 15న మహీంద్రా సంస్థ కేప్‌టౌనులో ఆవిష్కరించిన తేలికబండ్ల శ్రేణి ‘ఓజా’ తయారగుచున్నది తెలంగాణలోని జహీరాబాదులో.

బురద ఒక మాట, ఇసుక ఒక మాట

"ఎన్ని హెచ్‌.పి.?" అనునది మనవారి మొదటి ప్రశ్న. నా మట్టుకు అది మూడవదో నాలుగవదో కావలెను. ఇంజనుకు చెప్పిన శక్తియంతయు వెనుకనున్న పి.టి.ఓ. కడ్డీకి చేరదు, పదింట ఒకటిరెండు పాళ్ళు దారిలోనే పోవును. రోటవేటరును త్రిప్పునది, మందుకొట్టు పంపును నడుపునది ఆ కడ్డీ. కావున అడుగవలసినది పి.టి.ఓ. శక్తి. ఇరువదినాలుగు హెచ్‌.పి. బండికి నాలుగడుగుల లోపు రోటవేటరు తగును. పొరుగువాని ఆరడుగులది చవుకగా దొరకినదని తగిలించినచో, ఇంజను నల్లనిపొగ క్రక్కుచు మొదటి చాలులోనే మొరాయించును.

శక్తికంటె ముందు తూకము చూడవలెను. పదునైదు ఇరువది హెచ్‌.పి. బండ్లు సాధారణముగా ఏడెనిమిది వందల కిలోలుండును, నలుబదియైదు హెచ్‌.పి. బండి రెండు టన్నులకు చేరువ. సోంపేట బీలలవంటి ఊబినేలలో ఆ రెండుటన్నులు దిగినచో, దానిని లాగుటకు మరొక ట్రాక్టరును, ఆ ట్రాక్టరును లాగుటకు జె.సి.బి.ని పిలువవలసివచ్చును. ఏడువందల కిలోల బండి అదే బురదపై దమ్ముచక్రములతో పడవవలె సాగిపోవును. బరువైన బండి ఏటేట త్రొక్కుటచేత మడి అడుగున మట్టి పలకవలె గట్టిపడును. వరికి ఆ పలక కొంత మేలే, నీరు ఇంకిపోదు. కాని మన రైతులు వరి కోతకు రెండుమూడు నాళ్ళముందు నిలుచున్న చేలోనే చల్లు మినుము, పెసర వేరులు ఆ పలకను ఛేదింపలేక పైపైనే పారి, మాఘమాసపు ఎండకు వాడిపోవును. రెండవపంట మీద ఆశగల ఇల్లు మొదటిపంట బండిని ఎంచునప్పుడే ఈ సంగతి తలపోయవలెను.

అట్లని తేలికదనము సర్వత్ర గుణము కాదు. లావేరు, రణస్థలము ప్రాంతముల ఎర్రగరప నేలలు ఎండినపుడు ఇటుకవలె బిగియును. అక్కడ తేలికబండి గొర్రును నేలలో దించజాలక చక్రములు తిరుగుచు నిలిచిపోవును. ఇట్టి ఇరుకునకు ఉపాయము లేకపోలేదు. వెనుకటైర్లలో ముప్పాతికవంతు నీరు నింపి, చక్రములకు ఇనుపబిళ్ళలు బిగించి మెట్టదుక్కికి బరువు పెంచుకొనవచ్చును, ఉభాల వేళకు నీరుదీసి బిళ్ళలు విప్పి బురదకు తేలిక చేసికొనవచ్చును. ఒకే బండి రెండు నేలలకు పనికివచ్చు ఈ కిటుకును అమ్మువాడు చెప్పడు, కొన్నవాడు అడుగడు. నాలుగు చక్రములకును పట్టున్న బండి బురదలోను, వాలులోను వెలకు మించిన మేలుచేయును. కాని తారురోడ్డెక్కగనే ఆ ముందుపట్టు విడిపింపవలెను. మరచినచో ముందుటైర్లు రెండేండ్లలో నున్నబడును.

మొక్కజొన్న రైతుకు కొలబద్ద వేరు. సాళ్ళ నడుమ అరువది సెంటీమీటర్లు. చిన్నబండి వెనుకటైరు ఎనిమిదంగుళములు, అనగా ఇరువది సెంటీమీటర్లు. ఇరుప్రక్కల జానెడు జానెడు చోటు మిగులును, డ్రైవరు చేయి నిలకడగా నున్నచో మొక్క బ్రదుకును. అయితే రెండు చక్రముల నడుమ దూరము మీ సాళ్ళకు సరిపడునట్లు మార్చుకొన వీలున్నదా యని కొనకముందే విప్పించి చూడవలెను. పైరు ఇరుసును దాటి పెరిగినపిమ్మట ఏ బండియు లోపలికి పోరాదు గావున, కలుపు తీయు గడువు తొలి నెలయే.

ఇక కవిటి ప్రాంతపు ఉద్దానము తోట. కొబ్బరికి చెట్టునకు చెట్టునకు ఇరువదియైదడుగుల దూరముండును, జీడికిని దాదాపంతే. కనుక ఇక్కడ వెడల్పు చిక్కు కాదు, ఎత్తు చిక్కు, లోతు చిక్కు. బానెట్టుపై నిటారుగా నిలిచిన పొగగొట్టము ప్రతి కొమ్మను గీరుచు పోవును. గొట్టము ప్రక్కకో క్రిందికో వంగిన బండ్లున్నవి, తోటరైతు వానినే చూడవలెను. వెనుకనున్న రక్షణ కమ్మీ మడచుటకు వీలున్నదేమో చూడవలెను. కొబ్బరివేరులలో అధికభాగము మొదలునుండి ఆరడుగుల వలయములో నేలకు దగ్గరగా నుండును. ఆ వలయములో లోతుదుక్కి దున్నుట చెట్టు చేయి నరకుటయే. పిక్కలు రాలుటకుముందు చెట్టుక్రింద గడ్డి తీసి నేల శుభ్రము చేయుటయే జీడితోటలో ముఖ్యమైన పని. ఎనుబది కిలోల బస్తా లెక్కన అమ్ముకొను పిక్కలలో ఒక్కొక్కటియు నేలమీదనుండి చేతితో ఏరవలసినదే గదా. దానికి లోతు అక్కరలేదు, రెండంగుళములు గీకినచాలు, ఇరువది హెచ్‌.పి. చాలు.

పంట మారిన, ఊరు మారిన

ఆమదాలవలస చక్కెర కర్మాగారము మూతబడినపిమ్మట ఆ చుట్టుపట్ల చెరకు సాళ్ళకని కొనిన పనిముట్లు చావడులలో తుప్పుపట్టుట నేను చూచితిని. రైతు తప్పేమియు లేదు, మిల్లు ఉండునని నమ్మినాడు. విజయనగరము జిల్లాలో గోగునారకు బదులు మొక్కజొన్న, వరికి బదులు మామిడి, ఆయిల్‌పామ్ వచ్చిన ఊళ్ళెన్నో. భోగాపురములో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయము కట్టు చుట్టుప్రక్కలనైతే, పొలములో కొంతభాగము పోగా మిగిలిన ఎకరమును అరయెకరమును కంచెవేసి మామిడి, సపోటా పెట్టుకొను కుటుంబములు పెరిగినవి. ఆ అరయెకరమునకు పెద్దబండి పిలిచిన రాదు, వచ్చినను గేటు పట్టదు.

కావున బండికంటె బండి వెనుక తగిలించు పనిముట్ల మీద ఎక్కువ ఆలోచింపవలెనని నా నమ్మకము. గొర్రు, చిన్న రోటవేటరు, మందుపంపు, గుంటలు తీయు బర్మా, చిన్న తొట్టి — పంట మారినపుడు మారవలసినవి ఇవి. బండి పది పదునైదేండ్లుండును. చిన్నబండి ఎత్తుబలము ఏడువందల యాభై కిలోల పరిసరములలో నుండును గావున, పెద్దబండి పనిముట్లను అన్నగారివలన తెచ్చుకొని తగిలింపజూచుట వలదు. బిగింపు రంధ్రములు కూడ కలియవు.

తువ్వాలు, వాలు

సీతంపేట, కురుపాము కొండవాలులలో జీడి, అనాస, కందపంటల నడుమ చిన్నబండ్లు ప్రాకుట ఇటీవల కనబడుచున్నది. ఇరుకైన బండి వాలున అడ్డముగా నడచినచో బోల్తాపడు ప్రమాదమెక్కువ. మీదికి క్రిందికి నిలువున నడపవలెను గాని అడ్డముగా కాదు. గట్టు ఎక్కునప్పుడు ముందుచక్రములు గాలిలోకి లేచుట మన మడులలో నిత్యము జరుగు గండము. అట్టిచోట వెనుకగేరులో ఎక్కుట మేలు.

వెనుక పి.టి.ఓ. కడ్డీ నిమిషమునకు ఐదువందల నలుబది చుట్లు తిరుగును. సెకనుకు తొమ్మిది. భుజము మీద తువ్వాలు, నడుమునకు లుంగీ మన రైతుకు సహజవేషము. తువ్వాలు కొన చిక్కుకొన్న క్షణమునకు, మనిషి అరచుటకు నడుమ వ్యవధియే ఉండదు. కడ్డీపై ప్లాస్టిక్ తొడుగు విరిగిపోయినదని తీసి పారవేసిన బండ్లు ఊరికి నాలుగున్నవి. ఆ తొడుగు వెల ఒక బస్తా ఎరువు వెలకు మించదు. ఇది చదువుచున్న ఇల్లాలెవరైన నున్నచో, రేపు ఉదయము బండి కదలకమునుపు ఒక్కసారి వెనుకకు వెళ్ళి ఆ తొడుగున్నదో లేదో చూడుమని వేడుచున్నాను.

మరియొకటి. ఎనిమిదివందల కిలోల బండికి ఇసుకనో ఇటుకనో నింపిన పెద్ద ట్రక్కు తగిలించి పల్లము దిగుట. బ్రేకు పట్టినను వెనుకబరువు బండిని త్రోసికొనిపోవును. లాగగలుగుట వేరు, ఆపగలుగుట వేరు.

సొంతమా, అద్దెయా

అందరికి బండి కావలెనని నేననను. మూడెకరముల వరికి రెండు దమ్ములు, ఒక మెట్టదుక్కి, ఎకరమునకు రెండుగంటల చొప్పున లెక్కించిన పదునెనిమిది గంటలు. రెండవపంటకు, తోలకములకు మరి యిరువది వేసికొనుడు. ఏడాదికి నలుబది గంటలైనను నిండని పనికి లక్షల అప్పు తలకెత్తుకొని, మిగిలిన దినములు బండికి చాప కప్పి వడ్డీ కట్టుట ఏమి వ్యవసాయము? అన్నదమ్ములు విడిపోయినను బండిని విడదీయకుండ ముగ్గురును వంతులవారీగా వాడుకొను కుటుంబములు గార ప్రాంతమున చూచితిని. గోడమీద సుద్దముక్కతో గంటలు వ్రాసికొందురు, డీజిలు ఎవరిది వారే పోసికొందురు. ఆ గోడలెక్క వ్రాయునది ముగ్గురు తోడికోడండ్రలో చిన్నది. ఆమె వ్రాసినదానికి తిరుగులేదు.

కొనువారికి తోడ్పాటు లేకపోలేదు. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకపు నియమములలో సన్నచిన్నకారు రైతులకు, దళిత గిరిజనులకు, స్త్రీలకు ఏబదిశాతము వరకు, తక్కినవారికి నలుబదిశాతము వరకు, గరిష్ఠ పరిమితికి లోబడి, రాయితీ చెప్పబడినది. ఏ యేడు ఏ బండికి వర్తించునో ఊరి రైతు సేవా కేంద్రమున ముందుగా కనుగొని బయలుదేరుట మంచిది. పట్టా స్త్రీ పేరనున్న ఇండ్లలో ఈ అవకాశమును వాడుకొననివారే ఎక్కువ. మరమ్మతు తెలిసిన మెకానిక్కు ఎంత దూరమున నున్నాడను ప్రశ్నను రాయితీ మైకములో మరువరాదు. ఉభాల పదిదినములలో బండి ఆగినచో, యాభై కిలోమీటర్ల అవతలి విడిభాగము వచ్చునప్పటికి నారు ముదిరిపోవును.

కర్ర మీది గంటు

ఆ కవిటి పెద్దాయన చిన్నకొడుకును, కోడలిని వెంటబెట్టుకొని వెదురుకర్రతో బస్సెక్కి పట్టణమునకు వచ్చినాడని విని నేనును వెళ్ళితిని. షోరూము ముంగిట వరుసగా నాలుగు చిన్నబండ్లు. పనివాడు కుర్చీ వేసి, చల్లని నీరు ఇచ్చి, కరపత్రము చేతబెట్టినాడు. ఆయన కూర్చుండలేదు. కర్రను మొదటిబండి ప్రక్కన నిలబెట్టినాడు. పొగగొట్టము గంటునకు జానెడు పైకున్నది. మాటలాడక రెండవదాని యొద్దకు నడచినాడు. గొట్టము బానెట్టు ప్రక్కనుండి క్రిందికి వంగియున్నది, బానెట్టు గంటునకు దిగువనే యున్నది.

"ఎక్కి కూకోరా," అని చిన్నకొడుకుతో ననెను. కొడుకు ఎక్కి కూర్చుండెను. తల గంటునకు బెత్తెడు పైకి వచ్చినది.

"ఓపాలి ముందుకి వొంగు. స్టీరింగు వొదిలీకు."

కొడుకు వంగెను. కోడలు కర్రను పట్టుకొని నిలుచుండ, పెద్దాయన కొడుకు నెత్తికిని గంటునకును నడుమ వ్రేళ్ళు దూర్చి చూచెను. రెండు వ్రేళ్ళు పట్టినవి. పిమ్మట కర్రను కోడలి చేతినుండి తీసికొని, అడ్డముగా త్రిప్పి, వెనుకచక్రముల వెడల్పు కొలుచుటకు వంగెను.